పనసాకు పది రూపాయలు

మా బడిలో పిల్లల సంత ఆటలో చింతపిక్క రూపాయి, పనసాకు పది రూపాయలు, బాదమాకు వంద. ఆ లెక్క నేను పెట్టలేదు, పిల్లలే పెట్టుకున్నారు. బాదమాకు అన్నిటికంటే వెడల్పు, అందుకని దానికి వంద. చింతపిక్కలు చాలా దొరుకుతాయి, అందుకని వాటికి రూపాయి. ఎండిపోయిన ఆకు చెల్లదు, ఏ రోజు నోటు ఆ రోజే కోసుకు రావాలి. ఇదీ వాళ్ల చట్టమే. ఒకడు పనసాకును ఈనె దగ్గర నిలువునా చీల్చి, "ఇది ఐదండీ" అని కొట్లో పెట్టాడు. కొట్టువాడు ఒప్పుకోలేదు. అరగంట పంచాయితీ జరిగింది. రెండు సగాలూ కలిపి పట్టుకుంటే మళ్లీ ఆకు అవుతోంది కాబట్టి చెల్లుతుందని చివరికి తేలింది. సగం అంటే ఏమిటో ఒకటో తరగతికి అంతకన్నా మంచి పాఠం నేనెప్పుడూ చెప్పలేదు.

నేను 1989లో ఉద్యోగంలో చేరాను. గోదారి గౌతమి పాయలో ఒక లంక, అంటే ఏటి మధ్య దిబ్బ మీది ఊరు. అమలాపురం నుంచి బస్సులో వచ్చి దిగి, ఏటిగట్టు మీద నడిచి, పడవ దాటితే బడి. రెండు గదుల పెంకుటిల్లు, బయట ఒక వేపచెట్టు. ఇద్దరం టీచర్లం. పెద్ద మేష్టారు మూడు, నాలుగు, ఐదు తరగతులు చూసేవారు, ఒకటీ రెండూ నావి. పొద్దున్నే అరటి తోటల్లో, వంగ తోటల్లో పని చూసుకుని వచ్చే పిల్లలు వాళ్లు. ఐదారేళ్లకే ఇంట్లో సగం పనులు వచ్చు. బళ్లోకి వచ్చేసరికి మాత్రం ఏమీ రానివాళ్లలా కూర్చునేవారు. అది నాకు చాలా బాధగా ఉండేది. వంకాయల బుట్ట ఎత్తి చూసి బరువు చెప్పగల పిల్లకి నా బోర్డు మీది కూడిక రావడం లేదంటే, తప్పు ఆ పిల్లలో లేదు కదా.

అప్పట్లో బ్రిటన్ సహాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం (ఏపీపీఈపీ) కింద రాష్ట్రమంతా ప్రాథమిక టీచర్లకు శిక్షణ ఇచ్చేవారు. ఆరు సూత్రాలు చెప్పేవారు. అందులో రెండు నా మనసులో పడిపోయాయి. పిల్లలు చేసి నేర్చుకోవాలి, చుట్టూ ఉన్నదాన్నే వాడుకోవాలి. మా చుట్టూ ఉన్నది గోదారి, ఇసుక, కొబ్బరి, అరటి, వారానికో సంత. సరే, సంతతో మొదలుపెట్టాను.

వేపచెట్టు కింద వరుసగా కొట్లు. కొబ్బరి పిందెలు వంకాయలు, ఇసుక బియ్యం, ఇటుక పొడి కారం, తాటి టెంకలు బంగాళాదుంపలు. రెండు కొబ్బరి చిప్పలకి తాళ్లు కట్టి కర్రకి వేలాడదీస్తే తక్కెడ. మా అత్తగారింట్లో అటక మీద పడి ఉన్న పాత కొలపాత్రలు నేను పడవలో మోసుకెళ్లాను. సోల, తవ్వ, మానిక, కుంచం. పుస్తకంలో లీటర్లూ కిలోలూ ఉన్నాయి, వాళ్ల ఇళ్లలో ఇంకా ఇవి నడుస్తున్నాయి. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం అని నేను నోటితో చెప్పలేదు. ఇసుక పోసి పోసి వాళ్లే కనిపెట్టారు. కుంచం నిండడానికి పదహారు సోలలు పట్టిందని అరిచిన పిల్ల మొహం నాకింకా గుర్తు. ఒళ్లంతా ఇసుకే.

కొలిచేవాడు ఎలా లెక్కపెట్టేవాడనుకున్నారు? కళ్లంలో వాళ్ల తాత ధాన్యం కొలిచినట్టే. "లాభం... రెండు... మూడు..." ఒకటి అనకూడదు, లాభం అనాలి. ఏడు దగ్గరికొస్తే ఏడుపు మాట నోట రాకుండా "ఆరున్నొకటి" అనాలి. పక్కపిల్ల "మరి ఒకటి ఏదిరా?" అని అడిగితే వాడు, "ఒకటే లాభం, లాభమే ఒకటి" అన్నాడు.

సరిగ్గా అలాంటి రోజునే పైనుంచి ఒక అధికారి తనిఖీకి వచ్చారు. పిల్లలు చెట్టు కింద అరుస్తున్నారు, ఆకులు చేతులు మారుతున్నాయి, ఒకడు లాభం రెండు అంటున్నాడు. ఆయన వాణ్ణి నిలబెట్టి ఒకటి నుంచి పది చెప్పమన్నారు. వాడు బెదిరిపోయి, అలవాటుగా లాభం దగ్గరే మొదలుపెట్టాడు. పిల్లలకు ఒకటి అనడం కూడా రాదని, తరగతిలో క్రమశిక్షణ లేదని రిజిస్టర్లో రాసి వెళ్లిపోయారు.

నేను భయపడ్డాను. కొత్త ఉద్యోగం. కొట్లన్నీ ఎత్తేయించి, కుంచాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాను. నెల రోజులపాటు బోర్డు, పలక, వల్లె వేయించడం. పిల్లలు ఏమీ అడగలేదు. అడగకపోవడమే నాకు గుచ్చుకుంది. చివరికి అడిగింది పెద్ద మేష్టారు. మొదట్లో నా సంతని చూసి ఆయనకీ పెద్దగా నచ్చలేదు. అలాంటిది ఒక మధ్యాహ్నం కేరేజీ విప్పుతూ, "ఏమ్మా, సంత మూసేశారేంటి? నా మూడో తరగతి వాళ్లు కూడా కిటికీలోంచి చూసి తీసివేతలు నేర్చుకున్నారు, ఇప్పుడు వాళ్లకీ కరువొచ్చింది" అన్నారు. ఆ మర్నాడే తాళం తీశాను. మళ్లీ ఎన్నడూ వేయలేదు.

తర్వాత ఎన్ని ఆటలో. కొన్ని బాగా సాగాయి, కొన్ని సాగలేదు. పోస్టాఫీసు ఆట ఉత్తరాలు రాయడానికని పెట్టాను. దాంట్లో నేను చదువురాని ముసలమ్మని. "నాకు కళ్లానవు బాబూ, ఈ కార్డు చదివి పెడుదూ" అనేదాన్ని. టీచరుకి చదువు రాదు, మనకి వచ్చు అంటే పిల్లలకి ఎంత ధైర్యమో! పలక మీద చదవమంటే గొంతు పెగలనివాళ్లు ముసలమ్మ కోసం కూడబలుక్కుని చదివేవారు. పిల్లల చేత చదివించాలనుకునే కొత్త టీచర్లకి ఈ ఒక్కటీ చేసి చూడమని చెబుతుంటాను.

ఒకరోజు ఒక పాప ఖాళీ కార్డు పట్టుకొచ్చింది. అక్షరం లేదు దాని మీద. "చదవమ్మా" అన్నాను. ఆ పిల్ల వేలు పెట్టి, వరస తప్పకుండా ఎడమ నుంచి కుడికి జరుపుకుంటూ చదివింది: "అమ్మ కువైట్ నుంచి సంక్రాంతికి వచ్చేస్తాదంట. గౌను తెస్తాదంట. మామ్మని మందులేసుకోమందంట." కోనసీమలో గల్ఫుకి వెళ్లిన తల్లుల పిల్లలు ఇంటికొకరు తేలేవారు. నేను ముసలమ్మ గొంతుతోనే "ఇంకా ఏం రాసిందమ్మా?" అని అడిగాను. ఆ పిల్ల కార్డు తిప్పి వెనకవైపు కూడా చదివింది.

ఆసుపత్రి ఆట పోలియో చుక్కల కాలంలో బాగా పనికొచ్చింది. 1995 డిసెంబరులో దేశమంతటా పల్స్ పోలియో మొదలైనప్పుడు, మా ఒకటో తరగతి వాళ్లు పది రోజుల ముందు నుంచే బొమ్మలకి చుక్కలు వేస్తున్నారు. కొబ్బరాకు గడియారం చూసుకుంటూ డాక్టరు నాడి పట్టేవాడు. నర్సమ్మ "ఏడవకూడదు, చేదుండదు" అనేది. తర్వాత వాళ్లే తమ్ముళ్లనీ చెల్లెళ్లనీ చంకనేసుకుని అసలు నర్సమ్మ దగ్గరికి తీసుకొచ్చారు.

పెళ్లి ఆట మాత్రం నన్ను కుదిపేసింది. అరటాకులు, కొబ్బరాకు బూరలు, పందిరి అన్నీ సరదాగానే మొదలయ్యాయి. బంతి భోజనాల దగ్గరికొచ్చేసరికి, ఎవరూ చెప్పకుండానే కొందరు పిల్లలు లేచి దూరంగా, విడిగా కూర్చున్నారు. మిగతావాళ్లకి అది వింతగా అనిపించలేదు. ఊరిని ఆటలోకి పిలిస్తే ఊళ్లో ఉన్నదంతా వస్తుందని నాకు ఆ రోజు అర్థమైంది. ఆట ఆపి ఉపన్యాసం చెబితే విడిగా కూర్చున్న పిల్లలకే అవమానం. నేను చీర కుచ్చిళ్లు బిగించి వంటావిణ్ణయ్యాను. "నా వంట ఒక్క బంతిలోనే వడ్డిస్తాను, రెండు బంతులు వేసే ఓపిక లేదు నాకు, అందరూ ఇటొచ్చి కూర్చోండి" అని గదిమాను. వచ్చి కూర్చున్నారు. అలా ఎన్నిసార్లు పెళ్లి చేసినా వంటావిణ్ణి నేనే.

రైలు ఆట గురించి చెప్పకపోతే ఎలా? అప్పట్లో కోనసీమకి రైలు లేదు. మా పిల్లల్లో ఒక్కరు కూడా రైలు చూడలేదు. అవతలి గట్టున కోటిపల్లికి పూర్వం రైలుండేది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పట్టాలు పీకేశారు, మళ్లీ 2004లో గానీ వేయలేదు. పెద్ద మేష్టారు ఐదేళ్లప్పుడు రేవు దాటి వెళ్లి ఆ రైలు చూశారట. పిల్లల్ని కూర్చోబెట్టి పొగ ఎలా వచ్చేదో, కూత ఎలా వినపడేదో చెప్పారు. అంతే, దాంతోనే రైలు కట్టారు. చొక్కాలు పట్టుకుని వరుసగా బయల్దేరారు. టికెట్లు అరటి దొప్ప ముక్కలు, వాటి మీద బలపంతో ఊరి పేర్లు. రాజమండ్రి అన్న మాట తప్పు లేకుండా రాయడం మొత్తం రెండో తరగతికి ఆ వారంలోనే వచ్చింది. రైలు వేపచెట్టు చుట్టూ తిరిగి, మేము ముగ్గుతో గీసిన గోదారి దగ్గరికొచ్చి ఆగిపోయింది. కదలదు. ఏమైందర్రా అంటే, "పంటు రావాలి కదండీ" అన్నారు. గోదారి దాటాలంటే సైకిలైనా, గేదైనా, కారైనా పంటెక్కాల్సిందేనని వాళ్లకి తెలుసు. రైలుకి మాత్రం వేరే దారి ఏముంటుంది? రాజమండ్రి దగ్గర 1974 నుంచి పైన రోడ్డు, కింద రైలు పట్టాలతో వంతెన ఉందని నేను తర్వాత చెప్పాను. ఆ రోజు మాత్రం చెప్పలేదు. ఇద్దరు పెద్దపిల్లలు రెండు పడవలై, మధ్యన చాప పరిచి పంటు కట్టి, పెట్టె తర్వాత పెట్టెగా రైలుని అవతలికి చేర్చారు. దానికి మధ్యాహ్నం అంతా పట్టింది. ఆట మధ్యలో తప్పు దిద్దకూడదన్న నియమం నేను పెట్టుకున్నది ఆ రోజు నుంచే.

ఆ తర్వాత ఏ ఆట ఆడినా ముందు ఒక రేవు గీయడం అలవాటైపోయింది. ఆ రేవులోంచే వాడు నాకు దొరికాడు.

వాడు 1996 జూన్‌లో ఒకటో తరగతిలో చేరాడు. పేరు ఇక్కడ రాయను. మేమందరం సరంగు, అంటే పడవ నడిపేవాడు, అనే పిలిచేవాళ్లం, అదే రాస్తాను. నాన్న మా రేవులో పడవ నడిపే మనిషి. జూన్ వెళ్లింది, జూలై వెళ్లింది, వరదల సెలవులు కూడా అయిపోయాయి. వాడు నోరు విప్పలేదు. హాజరు పిలిస్తే చెయ్యెత్తేవాడు. పలక మీద ఏదీ రాసేవాడు కాదు, తుడిచేవాడు కాదు. మాట రాదేమోనని నాకు టెన్షన్ పట్టుకుంది. వాళ్ల నాన్నని అడిగితే, "ఇంటికాడ మాటాడతాడండీ, ఆపలేం" అన్నాడు.

సెప్టెంబరులో ఒకరోజు సంతకి వెళ్లాలని రేవు గీశారు. పదిహేను మంది ఒక్కసారే పడవలోకి దూకారు. పడవ అంటే ముగ్గుపిండి గీత, అంతే. అయినా వాడు తట్టుకోలేకపోయాడు. గోడ దగ్గర్నుంచి లేచి, మూలనున్న వెదురుకర్ర తీసుకుని గీత చివర నిలబడి, "ఒరగేత్తాదిరో! దిగండి! సగం మంది దిగండి!" అని అరిచాడు. మూడు నెలలకి మొదటి మాట. నేను కదల్లేదు, వాడి వైపు తిరిగి కూడా చూడలేదు. చూస్తే ఆగిపోతాడేమోనని భయం. వాడు మాత్రం ఆగలేదు. మేకలు మధ్యలో, సైకిళ్లు అడ్డంగా, బరువు మనుషులు ఆ చివర ఇద్దరు ఈ చివర ఇద్దరు. ఎనిమిది మందిని ఎక్కించి, మిగిలిన ఏడుగురినీ మలి ట్రిప్పుకి ఆగమన్నాడు. గట్టున నేను బుట్ట పెట్టుకుని నిలబడితే, "మీరెక్కడికండీ?" అని నన్నే అడిగాడు. "సంతకి బాబూ" అన్నాను. "అర్ధరూపాయి" అన్నాడు. చింతపిక్కని సగం చేయలేక రెండుసార్లు దాటించమన్నాను. దసరా సెలవులు వచ్చేసరికి ఎంతమంది ఎక్కారో, ఎంతమంది దిగారో పలక మీద గీతలు గీసుకుంటున్నాడు. తర్వాత అంకెలు వేశాడు. రేవు అని రాశాడు. వాడు రాసిన మొదటి మాట అదే.

నవంబరు 6 రాత్రి తుఫాను వచ్చింది.

ఆ రాత్రి సంగతి కోనసీమ వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. వెయ్యి మందికి పైగా పోయారు. భైరవపాలెం, బలుసుతిప్ప వైపు సముద్రంలో చేపల వేటకి వెళ్లినవాళ్లు ఎంతోమంది తిరిగి రాలేదు. తెల్లారి చూస్తే కొబ్బరి చెట్లు ఒకే దిక్కుకి పడుకుని ఉన్నాయి. కొన్నిటికి తలలు లేవు. మా బడి పెంకులు ఎగిరిపోయాయి. లంకలో ప్రాణాలు దక్కాయి గానీ ఇళ్లు దక్కలేదు. మళ్లీ బడి తెరిచేసరికి చాలా రోజులు పట్టింది.

వచ్చిన పిల్లలు వెనకటి పిల్లలు కాదు. గాలి కాస్త గట్టిగా వీస్తే పైకప్పు వైపు చూసేవారు. సంత పెడదామా అంటే ఎవరూ లేవలేదు. అయినా సంతకి పిందెలేవీ, ఆకులేవీ? బాదం చెట్టు కూడా పడిపోయింది.

మూడో రోజో నాలుగో రోజో, విరామంలో, నేను చెప్పకుండానే ఆట మొదలైంది. కొందరు చేతులు పైకెత్తి చెట్లై నిలబడ్డారు. ఒక పిల్ల నోటితో గాలి శబ్దం చేస్తూ వాళ్ల చుట్టూ తిరిగింది. ఆ శబ్దం ఎంత అచ్చంగా ఉందో, నా వెన్ను జలదరించింది. చెట్లు ఒక్కొక్కటే పడ్డాయి. అందరూ పడిపోయి నేలమీద కళ్లు మూసుకుని పడుకున్నారు. ఆట అయిపోయింది. గంట కొట్టాను. మర్నాడు మళ్లీ అదే. ఆపాలా వద్దా అని నేను చాలా నలిగిపోయాను. ఇంతటి దుఃఖాన్ని ఆడనివ్వవచ్చా? చెప్పేవాళ్లు ఎవరూ లేరు. పెద్ద మేష్టారు అప్పటికే రిటైరయ్యారు. కుంచానికి తాళం వేసిన ఆ నెల గుర్తొచ్చింది. ఆపలేదు. వెళ్లి వాళ్ల మధ్యలో కూర్చున్నాను. గాలి అయిన పిల్ల వచ్చి నన్ను ముట్టుకుని, "మీరు మామ్మగారండి. మీకు నడవడం రాదండి" అంది. సరేనన్నాను.

ఆ రోజు చెట్లన్నీ పడిపోయాక, ఇద్దరు లేచి నా రెండు చేతులూ పట్టుకుని అరుగు మీదకి ఈడ్చారు. అంతకు ముందు రెండు రోజులూ ఎవరూ లేవలేదు. ఆ తర్వాత రోజూ ఏదో ఒకటి కలుస్తూ వచ్చింది. మేకని విప్పడం మర్చిపోయామని ఒకడు వెనక్కి పరుగెత్తాడు. ఒక పాప పొయ్యి పెట్టి అందరికీ గంజి కాచింది. గాలి తగ్గాక పెంకులు ఏరి పేర్చారు.

సరంగు మాత్రం ఇందులో దేనికీ రాలేదు. ఎవరో "పడవ తేరా, మామ్మని దాటించాలి" అన్నారు. "పడవ లేదు, కొట్టుకుపోయింది" అన్నాడు. అది ఆట మాట కాదు. వాళ్ల నాన్న పడవ నిజంగానే పోయింది. దిగువన ఎక్కడో ఇసుక తిన్నె మీద పగిలిన పడవ దొరికిందని, దాన్ని లాక్కొచ్చి బాగుచేస్తున్నారని నాకు తర్వాత తెలిసింది.

ఒక పొద్దున వాడు ముగ్గుపిండి డబ్బా అడిగాడు. పడవ గీశాడు. ఒక పక్క గీత కలపకుండా వదిలేశాడు. ఎందుకురా అంటే, "చెక్క పోయిందండీ, వెయ్యాలి" అన్నాడు. ఆ రోజంతా పిల్లలు ఆ సందులో కొబ్బరిమట్టలు పేర్చి మేకులు కొట్టారు. సందుల్లో పీచు కుక్కారు. మర్నాడు బురదనీళ్లతో తారు పూశారు. "ఆరాలండీ, ఇప్పుడే ఎక్కకూడదు" అని వాడు ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. నిజంగా తడి తారు ముందు నిలబడ్డట్టే అందరూ దూరంగా నిలబడ్డారు.

ఆరిన మర్నాడు గాలి ఊదే పిల్ల నా దగ్గరికొచ్చి, "ఈవేళ సంత ఆడుకుందామండి" అంది. పిల్లలు ఎక్కడెక్కడో వెతికి పనసాకులు తెచ్చారు, చిన్నవి, చిరుగులు పడినవి. చెల్లుతాయని అందరూ ఒప్పుకున్నారు. నేను నా అలవాటు ప్రకారం అరుగు దగ్గర కూర్చుని, నన్ను మోసుకెళ్లడానికి ఎవరొస్తారా అని చూస్తున్నాను. సరంగు వెదురుకర్ర నేలకి ఆనించి నిలబడి, ఎక్కేవాళ్లని లెక్కపెడుతున్నాడు. లాభం, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఆరున్నొకటి. అక్కడ ఆగి నా వైపు చూశాడు.

"మామ్మగారండీ, ఇంకొక్కరికి చోటుంది. నడిచి రండి."